ఏడో వారం కవరు

నేను దెయ్యాల్ని నమ్మను. ఇది చదివాక మీరు నమ్మాలని కూడా నా ఉద్దేశం కాదు. మందులు మనిషి ఒంట్లో ఏం చేస్తాయో, వికటిస్తే ఏమవుతుందో చూడటం నా పని. అందులోనూ తాగుడు వ్యసనం మీద చాలాకాలం పనిచేశాను. తాగుడు హఠాత్తుగా మానేసిన మనిషికి రెండో రోజో మూడో రోజో గోడ మీద పురుగులు పాకుతున్నట్టు, ఎప్పుడో పోయిన తండ్రి మంచం పక్కన కూర్చున్నట్టు కనిపించడం మామూలే. అలాంటివి ఎన్నో విన్నాను, టైము వేసి మరీ రాసుకున్నాను. అందుకే ఎవరికైనా ఏదైనా కనిపించిందంటే, ఆ మనిషి ఏం వాడుతున్నారు అనే నేను ముందు అడుగుతాను.

మంగాయమ్మ గారు ఏమీ వాడటం లేదు.

తొంభైల చివర్లో సంగతి ఇది. గోదావరి జిల్లాల్లో ఒక బోధనాసుపత్రిలో ఉన్నాను. తాగుడు మానేసినవాళ్ళకి మళ్ళీ తాగాలన్న యావను ఒక మందు తగ్గిస్తుందా లేదా అని పరీక్షిస్తున్నాం. సగం మందికి అసలు మందు, మిగతా సగానికి ఉత్తి పిండి. రెండూ ఒకే రకం ఎరుపూ తెలుపూ క్యాప్సూల్ గొట్టాల్లో ఉంటాయి. ఎవరి సీసాలో ఏముందో నాకు కూడా తెలియదు, ఆ జాబితా మా ప్రొఫెసర్ గారి బీరువాలో ఉండేది. ఎవరి నంబరు సీసాలోంచి వాళ్ళకి వారానికి సరిపడా లెక్కపెట్టి, ఖాకీ కవర్లో వేసి, పిన్ను కొట్టి, ఆసుపత్రికి రాలేనివాళ్ళకి ప్రతి గురువారం బస్సెక్కి ఇళ్ళకి అందించి రావడం నా బాధ్యత.

అలా వెళ్ళే ఇళ్ళలో సత్తిరాజు గారిది ఒకటి. ద్రాక్షారామం అవతల కాలువ మీద, నీటిని ఆపి వదిలే చిన్న లాకులున్నాయి. అక్కడ తలుపులు ఎత్తి దించే లస్కరు ఆయన. భార్య మంగాయమ్మ గారితో లాకుల పక్కనే ఒంటిగది క్వార్టర్లో ఉండేవారు. ఆయన కేసు షీటు మీద ఎర్ర సిరాతో నేనే రాశాను, సల్ఫా మందులు పడవని. కొన్నేళ్ళ కిందట జ్వరానికి ఎవరో ఇచ్చిన సల్ఫా బిళ్ళలు మింగితే ఒళ్ళంతా కాలినట్టు పొక్కిపోయి తోలు ఊడివచ్చిందట. పక్క బట్ట అంటుకుపోతుంటే ఆవిడ నూనె రాసిన అరిటాకుల మీద పడుకోబెట్టి బతికించుకున్నారు. ఆ మందు రెండోసారి ఒంట్లోకి వెళ్తే మనిషి దక్కడం కష్టం.

ఆరు వారాలు సజావుగా గడిచాయి. ఆయన చుక్క ముట్టలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ మజ్జిగ ఇచ్చేవారు.

ఏడో వారం మంగళవారం నాడు మా డిపార్టుమెంటుకి ఒకతను వచ్చాడు. కొవ్వూరు వైపు లాంచీ నడిపే సరంగు అప్పారావు గారి తమ్ముడు. అప్పారావు గారు మా పరీక్షలో అందరికంటే ముందు చేరిన మనిషి. రెండు నెలలు చుక్క ముట్టలేదు. తర్వాత కవరు కోసం ఆసుపత్రికి రావడం మానేశారు. వెళ్ళి చూడాలి, చూడాలి అనుకుంటూనే విద్యార్థుల పరీక్షల పేరు చెప్పి నేను రెండు వారాలు వాయిదా వేశాను. ఆదివారం తాగి తాగి పోయారని తమ్ముడు చెప్పాడు.

"మిమ్మల్ని తప్పు పట్టట్లేదండి. మీరొస్తారని రెండు లక్ష్మివారాలు రేవుకాడ చూశాడండి మా అన్నయ్య. అది చెప్పి పోదామని వచ్చానంతే" అన్నాడు.

అతను వెళ్ళాక మందుల గది తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే ఆ వారం కవర్లు నింపాను. కళ్ళు తుడుచుకుని, ముఖం కడుక్కుని బయటికొచ్చాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఆ గదికి ఉన్న ఒకే కిటికీ వెనక గోడకు, మనిషి ఎత్తుకి పైన ఉంటుంది. నేను ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప విషయమూ కాదు.

గురువారం మధ్యాహ్నం లాకుల దగ్గర దిగాను. మంగాయమ్మ గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆ రోజు మజ్జిగ తేలేదు.

"డాక్టరమ్మగారూ, ఏమనుకోకండి. ఈ వారం కవరు మాకొద్దండి" అన్నారు.

ఎందుకంటే చెప్పరు. నంబరు చూపించాను, ఆయన పేరు చూపించాను. మధ్యలో ఆపితే ఇన్నాళ్ళ కష్టం వృథా అన్నాను. సత్తిరాజు గారికి కూడా భార్య మీద విసుగొచ్చింది, చెయ్యి చాచారు. నేను పిన్ను లాగి ఆయన అరచేతిలో ఒక గొట్టం పెట్టాను. గ్లాసులో నీళ్ళు కూడా నేనే పోశాను. మొదటిది నా ఎదురుగా వేసుకోవడం అలవాటు. ఆయన చెయ్యి నోటి దాకా వెళ్ళింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, వేళ్ళు విడదీసి, గొట్టం లాక్కుని మళ్ళీ కవర్లో వేసి నా సంచిలో కుక్కేశారు. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడని మనిషి ఆవిడ. నాకు ఒళ్ళు మండింది. చదువులేని మొండితనం అనుకుంటూ బస్సెక్కాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు పొద్దున్న వెనక్కొచ్చిన మందు లెక్క రాయడానికి కవరు తెరిచాను. అప్పారావు గారి మాటే మనసులో తిరుగుతోంది. ఎందుకో ఒక గొట్టం విప్పి చూశాను. పొడి మామూలుగా ఉండేంత తెల్లగా లేదు. సల్ఫాని కనిపెట్టడానికి విద్యార్థులకి మేం నేర్పే పాత పరీక్ష ఒకటుంది. న్యూస్‌పేపరు ముక్క మీద చిటికెడు పొడి వేసి, ఒక చుక్క యాసిడ్ వేస్తే చాలు. వేశాను. కాగితం మీద నారింజ రంగు మచ్చ లేచింది.

బుధవారం ప్రాక్టికల్స్ కోసం సల్ఫా పొడి నింపిన గొట్టాలు మంగళవారం అదే బల్ల మీద ట్రేలో ఉన్నాయి. ఖాళీ గొట్టాలు ఒకే పెట్టెలోంచి తీసినవి, రంగులో తేడా లేదు. నీళ్ళు నిండిన కళ్ళతో నేను సీసా బదులు ట్రేలో చెయ్యి పెట్టాను.

ప్రొఫెసర్ గారికి చెప్పి, ఆ వారం పంచిన కవర్లన్నీ వెనక్కి తెప్పించాం. వేటిలోనూ సల్ఫా లేదు. తప్పు జరిగింది సత్తిరాజు గారి కవరు ఒక్కదానిలోనే.

ఆ సాయంత్రమే మళ్ళీ లాకుల దగ్గరికి వెళ్ళాను. ఇంకో గొట్టం ఏదైనా అక్కడ రాలిపోయిందేమో, ఆయన వేసేసుకున్నారేమోనని భయం. సత్తిరాజు గారు గట్టు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నారు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.

మంగాయమ్మ గారి చేతులు పట్టుకుని అడిగాను, ఎలా తెలిసిందని. ఆవిడ నన్ను వింతగా చూశారు.

"మీ మనిషే చెప్పాడు కదండీ. బుధవారం మధ్యాహ్నం వచ్చాడండి. మంచినీళ్ళడిగి తాగాడు. రేపు డాక్టరమ్మ తెచ్చే కవరు తీసుకోవద్దమ్మా, పాపం ఆవిడ ఏడుస్తా కట్టింది, చెయ్యి తప్పింది అన్నాడండి. మీకు చెప్తే బాధపడతారని నిన్న నోరు విప్పలేదండి."

ఎవరాయన అన్నాను. పేరు అడగలేదన్నారు. ఎడం చేతికి రెండు వేళ్ళు లేవు, మీసాలు తెల్లగా ఉన్నాయి అన్నారు. గ్లాసు లోపల పెట్టి వచ్చేసరికి వెళ్ళిపోయాడట.

అప్పారావు గారికి లాంచీ తాడులో పడి ఎడం చేతి వేళ్ళు రెండు పోయాయి. కానీ ఆయనకి మీసాలు లేవు. నున్నగా గీయించుకునేవారు. ఆ సంగతి నాకు బాగా గుర్తు. తాళ్ళతో పనిచేసేవాళ్ళకి వేళ్ళు పోవడం ఈ ప్రాంతంలో వింతేమీ కాదు. కాబట్టి వచ్చింది ఆయనే అని నేను అనను.

"ఆయ్, నేను ఆ వేళంతా లాకు తలుపుల మీదే ఉన్నానండి. ఇటు రావాలంటే నన్ను దాటుకునే రావాలి. ఎవరూ రాలేదండి" అన్నారు సత్తిరాజు గారు. ఆవిడ మాత్రం తన మాట మీదే ఉన్నారు.

ప్రొఫెసర్ గారు అంతా విని, గొట్టంలో ఏదో తేడా ఆవిడ పసిగట్టి ఉంటుంది, మిగతాది తర్వాత అల్లుకుంది అన్నారు. నాకూ అలా అనుకోవాలనే ఉంది. అయితే ఆవిడ వద్దన్నప్పటికి కవరు పిన్ను తీయలేదు. గొట్టం సంగతి సరే, ఏడుపు గురించి ఆవిడకి ఎవరు చెప్పారు?

తర్వాతి గురువారం నేను కొవ్వూరు వెళ్ళాను. అప్పారావు గారి తమ్ముణ్ణి రేవులో కలిశాను. మీ అన్నయ్య ఆఖరి రోజుల్లో మీసాలు పెంచారా అని అడగాలనుకున్నాను. అతను నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆలస్యంగా వచ్చాను, క్షమించండి అని మాత్రం చెప్పి వచ్చేశాను.

సత్తిరాజు గారు పరీక్ష పూర్తిచేశారు, తర్వాత కూడా చాలా ఏళ్ళు లాకుల మీదే పనిచేశారు. వెనక్కొచ్చిన మందుకి కారణం రాయడానికి మా రిజిస్టర్లో ఒక గడి ఉంటుంది. నా పొరపాటు గురించి కింద వివరంగా రాశాను, సంతకం పెట్టాను. వాళ్ళు ఎందుకు తిరిగిచ్చారు అన్న గడిలో మాత్రం పెన్ను పెట్టి చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఖాళీగానే వదిలేశాను. ఇప్పుడు అడిగినా అందులో ఏం రాయాలో నాకు తెలియదు.