పూడ్చిన బెజ్జాలు

మ్యూజియంలో అందరూ ఆయన్ను చిప్పలాయన అనేవారు. శిలాజాలకు అంటిన మట్టిని సూదితో గీకి శుభ్రం చేయడం ఆయన పని. వంచిన మెడ ఎత్తకుండా ఏళ్ల తరబడి గీకాడు.

ఒకసారి ఎన్నో లక్షల ఏళ్ల నాటి ఆల్చిప్పలు పెట్టెల నిండా వచ్చాయి. వాటి నిండా ఆవగింజంత బెజ్జాలు. విరిగిన ముక్కనొకదాన్ని భూతద్దం కింద పెడితే లోపల చిన్న చిన్న గదులు, గదికీ గదికీ మధ్య దారులు కనిపించాయి. లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి అది స్పాంజి అనే సముద్రజీవి పని అని తెలుసుకున్నాడు. చిప్పను తినడానికి కాదు, అందులో తలదాచుకోడానికి తొలుస్తుందట.

ఆ మాట డైరెక్టరుకు చెప్పబోయాడు.

"కంతలు చూడ్డానికి ఎవరొస్తారయ్యా? ప్రదర్శన మొదలయ్యేలోపు పూడ్చి నున్నగా చెయ్యి."

"లోపలంతా గదులున్నాయండీ, పూడిస్తే మళ్లీ..."

"చెప్పింది చెయ్యి."

చేశాడు. పలచటి ప్లాస్టరును సిరంజితో ఎక్కించి, చిప్ప రంగే పూసి, ఎక్కడ పూడ్చాడో తనకే తెలియనంత బాగా చేశాడు. డైరెక్టరు భుజం తట్టాడు. ఆ సంగతి భార్యకు రెండుసార్లు చెప్పుకున్నాడు.

పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆమెకు కావలసింది ఆ బెజ్జాలే. ఎందుకు పూడ్చారని రిటైరైన డైరెక్టరుకు ఫోన్ చేస్తే, "అది ఆ అటెండరు సొంత తెలివమ్మా" అన్నాడట.

కొత్త డైరెక్టరు పిలిపించి అడిగాడు. ఆ రాత్రి భార్యా అడిగింది.

"ఆయనే చెయ్యమన్నాడని చెప్పారా?"

"చెప్పాను. కాగితమేమన్నా ఉందా అన్నారు."

"మరి?"

"నోటిమాటకి కాగితమెక్కడిదే."

మర్నాడు తనే వెళ్లి, ప్లాస్టరు తీసేస్తానని పరిశోధకురాలిని బతిమాలుకున్నాడు. సూది పట్టుకుని గీకడం మొదలుపెట్టాడు. మొదటి చిప్ప పొరలు పొరలుగా ఊడింది. రెండోది నిలువునా పగిలింది. మూడోదాన్ని ఆమె నెమ్మదిగా ఆయన చేతిలోంచి తీసుకుంది.

"వదిలెయ్యండి బాబాయ్. అవేంటో తెలీక చేశారు, మీరేం చేస్తారు."

ఆ మాట పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

"తెలుసమ్మా. స్పాంజి తొలిచిన గదులవి. అప్పుడే చదివాను."

ఆమె తలెత్తి చూసింది.

"తెలిసి కూడానా?"

ఆయన సూది కింద పెట్టాడు. ఆమె ఇంకేమీ అడగలేదు, బాబాయ్ అని మళ్లీ పిలవనూ లేదు. ఉద్యోగంలో మిగిలిన ఏడు నెలలూ ఆయన్ను గేటు పక్క గదిలో, సందర్శకుల సంచులకు టోకెన్లు ఇవ్వడానికి కూర్చోబెట్టారు.