ఊపిరి ఆపలేని కరుణమ్మ

ఎవరైనా దగ్గితే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుంది. గుంటూరులో ఉంటూ దగ్గుకు భయపడటమేమిటని మీరు నవ్వుతారేమో. మిర్చి సీజన్‌లో ఇక్కడ సగం ఊరు దగ్గుతూనే ఉంటుంది. ఈ బరువు ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను ఎమ్మారై టెక్నీషియన్ని. గుండెను త్వరగా స్కాన్ చేసే రెండు పద్ధతుల్లో ఏది మేలో మా డాక్టరమ్మ పోల్చి చూస్తున్న రోజులవి. మొదటిదాంట్లో నేను చెప్పినప్పుడల్లా పేషెంటు ఊపిరి బిగబట్టాలి. బొమ్మ స్పష్టంగా వస్తుంది. రెండోదాంట్లో మామూలుగా ఊపిరి తీసుకోవచ్చు. బొమ్మ కాస్త మసగ్గా ఉంటుంది. ప్రతి మనిషికీ రెండూ తీయాలి. ఊపిరి ఆపించడంలో నాకు మంచి పేరుంది. కొంప ముంచింది ఆ పేరే.

కరుణమ్మ మిర్చి యార్డు దగ్గర కాయలకు తొడాలు తీసే కూలీ. నాలుగడుగులు వేస్తే ఆయాసమని వచ్చింది. ఊపిరి ఆపమన్న ప్రతిసారీ దగ్గింది. బొమ్మలన్నీ అలుక్కుపోయాయి. తర్వాత రెండో పద్ధతిలో తీశాను. బాగా వచ్చాయి. గుండె గోడ ఒక పక్క సరిగా కదలడం లేదని నాకే కనిపించింది.

మరి ఎందుకు చెరిపేశాను? అలుక్కుపోయిన బొమ్మలు చూస్తే డాక్టరమ్మ నాకు చేతకాలేదనుకుంటుందని. వాటిని మాత్రమే చెరిపేస్తే అవి ఏవని అడుగుతుందని. అందుకే రెండు రకాలవీ చెరిపేశాను. పేషెంటు సహకరించలేదని చెప్పాను. అంతకుముందు దగ్గినవాళ్లనూ అలాగే పోలికలోంచి తప్పించాను.

కరుణమ్మ బయట బెంచీ మీద కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నా దగ్గు మూలాన చెడిపోయిందా బాబూ?"

"అవునమ్మా. దగ్గు తగ్గాక రా."

"ఏమనుకోబాకు బాబూ. నీ పని చెడగొట్టా."

మిర్చి పని మానితేగాని ఆమె దగ్గు తగ్గదు. పని మానితే ఆమెకు పూట గడవదు. తెలియకే అలా చెప్పానా? తెలిసే చెప్పాను. ఆమె మళ్లీ రాలేదు. నేను వెతకలేదు. ఇప్పుడు యార్డు వైపు వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి పోతాను.

పోలికలో మొదటి పద్ధతే గెలిచింది. దాన్ని ఓడించగలిగినవాళ్లందరినీ నేనే తప్పించాక, గెలవక ఏం చేస్తుంది? మా సెంటర్లో రెండోదాన్ని వాడటం మానేశారు. దగ్గేవాళ్లకు తగ్గాక రమ్మని చెప్పేది ఇప్పటికీ నేనే.

రేపు డాక్టరమ్మకు చెప్పే ధైర్యం వస్తుందని మాటివ్వలేను. మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ బెంచీ దగ్గర అనాల్సిన మాట ఒకటి నాలోనే ఉండిపోయింది. అది ఇక్కడ అనేస్తాను. కరుణమ్మా, నీ బొమ్మలు బాగానే వచ్చాయి. చెడగొట్టింది నేను.