మా మేనత్త కొరికిన మిరపకాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క మనిషికి మాత్రం కారం లేకుండా విడిగా వంట జరిగేది. ఆవిడ మా మేనత్త. పెళ్లయిన కొన్నాళ్లకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. భర్త పోయిన ఆడది ఉల్లి, వెల్లుల్లి, కారం ముట్టకూడదని మా తాతయ్య కట్టడి చేశాడు. మేమంతా ఎర్రెర్రటి పచ్చడి కలుపుకుంటుంటే, ఆవిడ ఓ మూల కూర్చుని చప్పిడి పప్పు తినేది. ఎవరి నాలుక మీద ఎవరి పెత్తనం? ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండిపోతుంది.

పెరట్లో బావి వెనక, బంతి మొక్కల మధ్య ఆవిడ గుట్టుగా ఒక మిరప మొక్క పెంచుకుంది. బియ్యం కడిగిన నీళ్లు నేనే పట్టుకెళ్లి పోసేదాన్ని. కాయలు దిగాక ఒకరోజు అది తాతయ్య కంట పడింది. ఎవరిదని కూడా అడగలేదు, వేళ్లతో సహా పీకి గోడవతల పారేశాడు.

ఆ మధ్యాహ్నం మేనత్త ఎప్పటిలా మూలకు పోలేదు. వచ్చి తాతయ్య ఎదురుగా విస్తరి వేసుకు కూర్చుంది. పెరుగన్నం కలుపుకుని, కొంగు ముడి విప్పి పచ్చిమిరపకాయ తీసింది. ఉప్పులో అద్ది కరకరా కొరికింది.

"మొక్కే కదా నాన్నా పీకారు. కాయలు నా దగ్గరున్నాయి" అంది.

ఆవిడ కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. ఏడుస్తోందేమోనని నాయనమ్మ కంగారుపడింది. కారానికేలే అంటూ మేనత్త ఇంకో కాయ తీసింది. తాతయ్య తల వంచుకుని అన్నం తిని లేచిపోయాడు. మర్నాటి నుంచి మా ఇంట్లో విడి వంట లేదు.

ఇప్పుడు నేను ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మావారు పోయి ఇంకా ఏడాది కాలేదు. అమ్మాయి డాక్టరు. నన్ను ఇక్కడికి తెచ్చుకున్నప్పటి నుంచి నా కంచంలోకి చప్పిడి తిండి వచ్చి చేరింది. ఈ వయసులో కారం ఎందుకమ్మా, నీ మంచికే కదా అంటుంది. జీపీ, అంటే ఇక్కడి మా ఇంటి డాక్టరు, అన్ని పరీక్షలూ చేయించి అంతా గ్రాండ్, భేషుగ్గా ఉంది అన్నాడు. ఆ మాట మాత్రం దీని చెవికెక్కదు. కారం డబ్బా తీసుకెళ్లి నాకు అందని పై ప్రెస్‌లో పెట్టింది. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు.

సరే, నేనూ ఆవిడ మేనకోడలినే. ఇండియన్ షాపు ఎండుమిరపకాయల గింజలు కుండీలో చల్లి, వంటింటి కిటికీ దగ్గర ఒక మొక్కని పైకి తెచ్చాను. ఇంట్లోకి తేనెటీగలు రావు గనక పూలను నేనే వేలితో తట్టేదాన్ని. తీరా కాయలు నిండుగా కాశాక, అమ్మాయి కుండీని ఎత్తుకెళ్లి బయట గార్డెన్లో పెట్టేసింది. ఇక్కడి చలిగాలికి మొక్క తెల్లారేసరికి వడిలిపోయింది. పూలమొక్క కొనిస్తాలే అమ్మా అంది. నేను ఆ వడిలిన కుండీని లోపలికి తెచ్చుకున్నాను.

మొన్న ఆదివారం అమ్మాయి తువ్వాళ్ల కోసం హాట్ ప్రెస్ తెరిచింది. వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమర అది. లోపల పళ్లెం నిండా మజ్జిగలో ఊరి, గలగలలాడేలా ఎండిన మిరపకాయలు. ఈ ఎండ లేని ఊళ్లో ఎక్కడ ఎండబెట్టాలో కనిపెట్టడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

"ఏంటమ్మా ఇది? టవల్స్ అన్నీ స్మెల్ వస్తున్నాయి."

"మొక్కే కదే పోయింది. కాయలు నా దగ్గరున్నాయి."

నూనెలో నాలుగు వేయించుకుని, దాని ఎదురుగానే కూర్చుని పెరుగన్నంలో నంజుకున్నాను. కళ్ల నీళ్లు ఆగలేదు. ఏడుస్తున్నావా అమ్మా అని అడిగింది. కొంత కారానికి, కొంత మీ నాన్నకి అన్నాను. అది లేచి, కుర్చీ వేసుకుని పై ప్రెస్‌లోంచి కారం డబ్బా దించింది.

పెత్తనం కోపంతో చేసినా, ప్రేమతో చేసినా, చప్పిడి కూడు చప్పిడి కూడే. మా మేనత్త పోయి చాలా కాలమైంది. ఆవిడ కొంగు ముడి మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, ఒక కాయ ఎప్పుడూ అందులో ఉంటుంది.