గాజు సీసాలో గోదావరి

నా చిన్నప్పుడు రాజమండ్రిలో మా పక్కింటి అక్క పంతులమ్మ కావడానికి చదువుకునేది. పాఠం చెప్పడానికి కూడా ఒక చదువా అని మా నాయనమ్మ బుగ్గలు నొక్కుకునేది. ఉండేదండీ! మిషను వాళ్ళ బడిలో పాఠం చెప్పడమెలాగో నేర్పేవారు. నేర్చుకునేవాళ్ళు అక్కడ చదివే మాలాంటి పిల్లలకు చెప్పి చూపించాలి.

అక్కను వాళ్ళమ్మ ఇంటింటా వడ్లు దంచి చదివించింది. పరీక్ష పాఠంలో నెగ్గితే అక్కకు ఏదో ఊళ్ళో బడి ఇస్తారు. లేదంటే తనూ అమ్మ పక్కన రోకలి పట్టాల్సిందే. అందుకే పాపం, సాయంత్రమయ్యేసరికి మమ్మల్నందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, వాన గురించిన ఆ పాఠమే మళ్ళీ మళ్ళీ చెప్పుకునేది.

పరీక్షనాడు మార్కులు వేయడానికి మిషను దొరసానిగారు వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. అక్క "వాన ఎక్కణ్ణించి..." అని ప్రశ్న మొదలుపెట్టిందో లేదో, "మబ్బుల్లోంచండీ!" అని అందరం గొంతెత్తాం. రెండో ప్రశ్న అడగకముందే దాని జవాబూ అప్పజెప్పేశాం. మా సంబరం చూడాలి! దొరసానిగారు పెన్సిలు కింద పెట్టేశారు. "వీళ్ళకు ముందే వచ్చును. నీవు నేర్పినది ఏమి?" అన్నారు, వచ్చీరాని తెలుగులో.

అక్క ముఖం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అక్క కిటికీలోంచి బయటికి చూసి, మెల్లగా మా వైపు తిరిగి, "మీకు తెలియనిది ఏదైనా నన్నడగండర్రా" అంది.

బడిలో మమ్మల్ని అలా అడగమని అంతవరకూ ఎవరూ అనలేదు. నేనే లేచి, "గోదారి నీళ్ళు ఇప్పుడెందుకు ఎర్రబడ్డాయక్కా?" అన్నాను.

"నాకూ సరిగ్గా తెలీదమ్మా. చూద్దాం" అంది.

దొరసానిగారు ఉలిక్కిపడ్డారు. అక్క మాత్రం అప్పుడే రేవు నుంచి వచ్చిన బిందెలోని నీళ్ళు గాజు సీసాలో పోయించి కిటికీలో పెట్టింది. అందరం చుట్టూ చేరాం. ఎండ పడి సీసా దీపంలా వెలిగింది. లోపల ఎర్రటి పొగ నిదానంగా తిరుగుతూ, విడిపోతూ, కిందికి జారుతోంది. దూరంగా పడవవాళ్ళ కేకలు వినబడుతున్నాయి. నేను ఆ నీళ్ళలోనే తేలుతున్నట్టు, ఏవో చూడని ఊళ్ళ మీదుగా పోతున్నట్టు అనిపించింది. ఎంతసేపలా ఉన్నామో తెలియదు.

"మట్టండీ!" అంది ఒక పిల్ల. "ఎవరి పొలంలోదండీ?" అంది ఇంకో పిల్ల. "అంత దూరం దాన్నెవరు తెచ్చారు?" అంది అక్క. అందరం ఆలోచనలో పడ్డాం. చివరికి మాలోంచే ఎవరో, "వానేమోనండీ" అన్నారు, ఈసారి చాలా మెల్లగా. తల తిప్పి చూస్తే దొరసానిగారు మా మధ్యన మోకాళ్ళ మీద కూర్చుని సీసాలోకి చూస్తున్నారు.

అక్క నెగ్గింది. కొవ్వూరు అవతల పల్లెలో బడి ఇస్తే, వాళ్ళమ్మను కూడా పడవెక్కించి తీసుకెళ్ళింది. రేవులో నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు మనవలు ఏదైనా అడిగితే జవాబు నా నాలుక చివరికి వచ్చేస్తుంది. దాన్ని మింగడం ఎంత కష్టమో! "ఏమోరా, నాకేం తెలుసు" అంటాను. "అమ్మమ్మకు ఏమీ రాదు" అని నవ్వుకుంటూ పరిగెడతారు. ఎక్కడో వెతికి, తామే కనుక్కుని, రొప్పుతూ వచ్చి నాకు పాఠం చెబుతారు. నేను నోరు తెరుచుకుని వింటాను.