కట్టని నిచ్చెన

తొంభైల్లో దోహాలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. ఈ మాట ఎవరితోనైనా చెబితే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. బల్బు మార్చడానికి కుర్చీ ఎక్కితే కళ్ళు తిరిగే మనిషికి, వందమంది కూలీలు ఎత్తుల నుంచి పడకుండా చూసే పని అప్పజెప్పారు. నేలకు నాకంటే దగ్గరగా ఉన్న ఆఫీసరు ఆ కంపెనీలో మరొకడు లేడు కాబట్టి కాబోలు.

ఆ రోజుల్లో సాయంత్రాలు ఇంగ్లీషు చానల్లో ఒక పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ మళ్ళీ వేసేవారు. డెబ్బైల్లో తీసింది. అందులో ఒక అమాయకపు మొగుడు. అతను ఇంట్లో ఏ మరమ్మతు మొదలుపెట్టినా చివరికి ఇల్లే మరమ్మతుకు వచ్చేది. చూరు గొట్టం బాగుచేస్తానని నిచ్చెనెక్కి, గొట్టంతో సహా పక్కింటి పూలకుండీల మధ్య దిగేవాడు. వాళ్ళ యాసలో సగం మాటలు నాకు అందేవి కావు. పడటానికి మాత్రం యాస లేదు కదా. సోఫా మీద దొర్లి దొర్లి నవ్వేవాణ్ణి.

"మీ చుట్టమేమో చూడండి, మొన్న కర్టెన్ రాడ్డు బిగిస్తానని మీరూ ఇలాగే..." అనేది మా ఆవిడ.

పక్క ఫ్లాటు ఆయన చేత రికార్డు చేయించి రెండు క్యాసెట్లు సంపాదించాను.

ఉద్యోగంలో నా ముఖ్యమైన బాధ్యత వారానికోసారి టూల్‌బాక్స్ టాక్. పని మొదలయ్యే ముందు మనుషుల్ని నిలబెట్టి, జాగ్రత్తలు చెప్పి, విన్నామని రిజిస్టర్లో సంతకాలు తీసుకోవడం. కాగితం ఇంగ్లీషులో వచ్చేది. నేనూ ఇంగ్లీషులోనే చదివేవాణ్ణి. ఎదురుగా నిలబడ్డవాళ్ళలో ముప్పాతిక మంది నిజామాబాద్, జగిత్యాల వైపువాళ్ళు. నేను తునివాణ్ణి. "బాగున్నారా" అని తెలుగులో పలకరించి, ప్రాణం ఎలా కాపాడుకోవాలో ఇంగ్లీషులో చదివి, "ఇక్కడ సంతకం" అని మళ్ళీ తెలుగులోకి దిగేవాణ్ణి. ఇందులో వింత ఉందని రెండేళ్ళపాటు నాకు తోచనేలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మెసైమీర్‌లో కూలీలుండే మా క్యాంపుకు క్యాసెట్ పట్టుకెళ్ళాను. సెలవుపూట నాలుగు నవ్వులు పంచి పుణ్యం కట్టుకుందామని. మెస్ హాల్లో టీవీ, వీసీఆర్ ఉన్నాయి. ముప్పైమంది దాకా కింద కూర్చున్నారు. మొగుడు నిచ్చెన ఎక్కాడు, ఊగాడు, పడ్డాడు. టీవీలో జనం నవ్వారు. నేను నవ్వాను. హాల్లో మరెవ్వరూ నవ్వలేదు.

స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పనిచేసే ఒకాయన ముందు వరుసలో ఉన్నాడు. నలభై దాటినవాడు, అందరూ కాకా అనేవారు. ఆయన అడిగాడు.

"సార్, గాయనకేమాయె? నడుం ఇరగలేదా?"

"ఏం కాలేదు కాకా. అది కామెడీ."

"గంత మీదికెంచి పడ్డంక ఏం గాకుంటెట్లుంటది? ఇంటికి పంపియ్యలేదా?"

"వాళ్ళిల్లే అది."

"అయితే నసీబున్నోడు. నిరుడు మావోడు గిట్లనే పడ్డడు. లేవలే."

టీవీ ఆపుదామని రిమోట్ కోసం చుట్టూ వెతికాను. అది నా చేతిలోనే ఉంది.

ఆ లేవనివాడు నాకు తెలుసు. పడ్డ వారంలోనే నా టాక్ విని రిజిస్టర్లో సంతకం పెట్టినవాడు. జాగ్రత్తలన్నీ చెప్పాం, ఇదిగో అతని సంతకం, అని చూపించి కంపెనీ చేతులు దులుపుకుంది. నేను తీసుకున్న సంతకమే అది.

ఇంటికొచ్చి అదే క్యాసెట్ మళ్ళీ వేశాను. ఈసారి సేఫ్టీ ఆఫీసరులా చూశాను, బహుశా ఉద్యోగంలో చేరాక మొదటిసారి. నిచ్చెన కాళ్ళు తడిగచ్చు మీద ఉన్నాయి. పైభాగం దేనికీ కట్టలేదు. మనిషి రెండు చేతుల్లోనూ సామాను. పడ్డచోట కుండీలు ఎవరో ముందే కొలిచి పెట్టినట్టు మర్యాదగా పగిలాయి. కెమెరాకు అందనిచోట పరుపు కూడా ఉండే ఉంటుంది. నవ్వించడానికి ఒక మనిషి పడాలంటే వాళ్ళు అంత జాగ్రత్త పడ్డారు. పని కోసం ఎక్కే మనిషికి మేం కాగితం చదివాం.

"ఏమిటి, ఇవాళ మీ చుట్టం పడితే నవ్వడం లేదు?" అంది మా ఆవిడ.

"ఎలా పడతాడో ముందే తెలిసిపోతోంది."

"అయితే అదే చెప్పండి వాళ్ళకి."

"ఇంగ్లీషులో చెప్పాలి. రూలు."

"ఎవరు పెట్టారు?"

మర్నాడు ఆఫీసులో రూళ్ళ పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఎవరూ పెట్టలేదు.

మరుసటి శుక్రవారం మొగుడు పడబోయే ముందు బొమ్మను ఆపేశాను. ఊగుతున్న మనిషి గాల్లో అలాగే నిలిచిపోయాడు.

"కాకా, ఇప్పుడేమవుతుంది?"

"ఏమైతది, పడ్తడు. నిచ్చెన కట్టలే గద!"

"కింద కాళ్ళు జారుతున్నయ్ సార్, నీళ్ళున్నయ్ ఆడ!" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"రెండు చేతులల్ల డబ్బాలు వట్టిండు. ఎట్లెక్కుతడు వీడు, నోటితోనా?"

హాల్లో మొదటి నవ్వు అక్కడ పుట్టింది. బొమ్మను వదిలాను. "ఇగ సూడున్రి, పోయిండు!" అని అరిచాడు కాకా. మొగుడు పోయాడు. పైకప్పు రేకులు అదిరేలా నవ్వారు. అతను పడ్డందుకు కాదు, తాము చెప్పినట్టే పడ్డందుకు. అలా నాలుగు శుక్రవారాలు గడిచాయి. అన్నీ తెలుగులోనే చెప్పాను, ఒక్క సంతకం కూడా అడగలేదు.

కబురు సైట్ మేనేజరుకు చేరింది. ఆయనా తెలుగువాడే, హైదరాబాద్‌లో చదువుకున్న పెద్ద ఇంజినీరు. పండగలకు మా కుటుంబాలు కలుసుకునేవి.

"ఏమయ్యా, క్యాంపులో సినిమాహాలు తెరిచావట?"

"శిక్షణండీ."

"దొరలు కోతివేషాలేస్తే శిక్షణా? మన స్థాయి చూసుకోవాలయ్యా. వాళ్ళతో కలిసి కింద కూర్చుని ఇకిలిస్తే రేపు మాట వింటారా?"

"కింద కూర్చుంటే నాకు కళ్ళు తిరగవండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. నా హాస్యానికి ఆ రోజుల్లో అంత గిరాకీ ఉండేది.

ఆ తర్వాతి వారం అల్ తుమామాలో మా కంపెనీ కడుతున్న విల్లాల దగ్గరకు రమ్మని నాకు పిలుపొచ్చింది. వెళ్ళేసరికి కాకా నిచ్చెన పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మేనేజర్ చేతిలో కాగితం. 'పని చేయనని ఎదురు తిరిగాడు' అని రెండు లైన్లు, కింద రెండు సంతకాలకు చోటు. ఒకటి ఆయన పెట్టేశాడు. రెండోది సేఫ్టీ ఆఫీసరుది. అదీ పడితే కాకా వీసా క్యాన్సిల్ చేసి, దొరికిన మొదటి విమానంలో పంపేస్తారు.

"రెండు నిమిషాల పని. ఎక్కమంటే ఎక్కనంటున్నాడు," అన్నాడు మేనేజర్.

"కట్టుటానికి గూడ రెండు నిమిషాలే సార్," అన్నాడు కాకా. "తాడు మాఫీ అంటున్నరు. తాడు మాఫీ అయితే నేను గూడ మాఫీ."

మాఫీ అంటే అరబ్బీలో లేదు అని. వెనకున్న ఎనిమిదిమంది కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"చూశావా నీ క్లాసుల ఫలితం? పెట్టు సంతకం."

"పెట్టనండి."

"ఏమిటీ?"

"నిచ్చెన కట్టలేదని కూడా అందులో రాయండి. అప్పుడు పెడతాను."

"అలా రాస్తే తప్పు నాదవుతుంది."

"ఇలా రాస్తే నాదవుతుందండి. నిరుడు ఒకసారి అయింది."

ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ వీసా కూడా కంపెనీదే. పెళ్ళాం ఇక్కడే ఉంది. ఆలోచించుకో."

ఆలోచించాను. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.

ఇంతలో ఆ ఎనిమిదిమందీ ఒకరి తర్వాత ఒకరు హెల్మెట్లు తీసి, నేలమీద బోర్లించి, వాటి మీద కూర్చున్నారు. హెల్మెట్ మీద కూర్చోవడం నేరం. సేఫ్టీ ఆఫీసరుగా నేను అభ్యంతరం చెప్పాలి. చెప్పలేదు.

ఎండ పెరుగుతోంది. సిమెంటు కలిపి ఉంది, అది గట్టిపడితే జవాబు చెప్పాల్సింది మేనేజరే. ఆయన కాసేపు మమ్మల్ని, కాసేపు సిమెంటును చూశాడు. చివరికి "తాడు తెండ్రా ఎవరైనా!" అని అరిచాడు. స్టోరులో తాడు ఉండనే ఉంది. పొద్దున్నుంచీ ఉంది.

కాకా తీరిగ్గా కట్టాడు. రెండు చేతులతో ఊపి చూశాడు. "యల్లా," పద అని అరబ్బీలో తనకు తనే చెప్పుకుని పైకెక్కాడు.

మేనేజర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, చించలేదు. వెళ్తూ వెళ్తూ నావైపు వేలు చూపించాడు.

"ఈ శుక్రవారం నువ్వు క్యాంపు గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

"తొక్కుతానండి," అన్నాను.

ఆ మాట గంభీరంగా అన్నానని రాసుకోవాలని ఉంది కానీ గొంతు కీచుమంది. శుక్రవారం మాత్రం వెళ్ళాను. రెండో క్యాసెట్ కూడా పట్టుకెళ్ళాను.