ఇంటిల్లిపాదినీ పిలవని జాబితా

నెట్‌వర్క్ ఇంజనీరుగా నేను పూర్తి నమ్మకంతో రాసిన లైను ఇప్పటిదాకా ఒక్కటే. అది తప్పు.

ఓ ట్రస్టు అడవి అంచు ఊళ్లలో ఐదు చిన్న దవాఖానాలు నడిపేది. వాటిని ఖమ్మంలోని డాక్టరుగారి కంప్యూటరుతో కలిపే పని మా ఆఫీసుది. ఒక్కో దవాఖానా రౌటరు తన దగ్గరికి రావడానికి దారి ఏదో ఖమ్మం రౌటరుకు చెబుతుంది. చెప్పిన ప్రతి దారినీ నమ్మకూడదు కాబట్టి, వేటిని ఒప్పుకోవాలో ప్రిఫిక్స్ లిస్టు అనే జాబితాలో రాస్తాం. ఐదింటి చిరునామాలూ 10.20తోనే మొదలవుతాయి. ఐదుకి ఐదు లైన్లు రాయడం నా చదువుకు చిన్నతనంగా తోచింది. అన్నిటినీ కడుపులో పెట్టుకునే పెద్ద చిరునామా 10.20.0.0/16 ఒక్కటే రాసి, ముందు ‘పర్మిట్’ తగిలించి, టీకి వెళ్లాను.

వచ్చేసరికి పినపాక వైపు దవాఖానా నర్సమ్మ ఫోను.

“సార్, ఇక్కడ ఒక అవ్వ చేను గట్టు మీద జారి పడ్డది. చెయ్యి బాగ ఉబ్బింది. ఎక్స్‌రే తీసినం, ఖమ్మం పోతలేదు. డాక్టర్ సార్ చూసి చెప్తే ఇక్కడనే పట్టీ కడ్తం. లేకుంటే ఒంటిగంట బస్సెక్కియ్యాలె.”

ఆ రోడ్డు మీద బస్సు ప్రయాణం బాగున్న చేతులకే అంత మంచిది కాదు.

“మీ రౌటరు ఒకసారి ఆపి ఆన్ చేయండమ్మా,” అన్నాను. చేసింది. మళ్లీ చేయమన్నాను. కేబులు ఊడదీసి పెట్టమన్నాను. వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది.

“గాయినెకేంది బిడ్డా లొల్లి? చెయ్యి నాదా, ఆయినదా?”

పన్నెండున్నరకు మా సీనియర్ వచ్చింది. గని కార్మికుడి కూతురు. ఆఫీసంతా అక్కా అనే పిలుస్తాం. నా లైను చూసి కుర్చీ లాక్కుంది.

“పెండ్లి భోజనానికి పిలవపోయినవనుకో. ఇంటికొకరు రండ్రి అంటే ఎవరొస్తరు?”

“పెద్దాయనొక్కడే, అక్కా.”

“ఇంటిల్లిపాది రండ్రి అంటే?”

“పిల్లలు కూడా.”

“నువ్వు ఒక్క పెద్దాయన్నే పిలిచి, పిల్లలు రాలేదని వాళ్ల చెప్పులు తెగినయా అని చూస్తున్నవ్. పైగా ఆ పెద్దాయన ఊర్లనే లేడు.”

నిజమే. /16 అని ఊరుకుంటే గీత తర్వాతి అంకె, అంటే నిడివి, సరిగ్గా పదహారున్న దారినే జాబితా ఒప్పుకుంటుంది. అలాంటి దారి ఎవరూ పంపడం లేదు. దవాఖానాలవన్నీ /24లు; ఆ అంకె పెరిగేకొద్దీ చిరునామా చిన్నదవుతుంది. జాబితాలో దేనికీ సరిపడని దారిని రౌటరు మాటామంతీ లేకుండా వదిలేస్తుంది. లైను చివర ‘ఎల్‌ఈ 24’ చేర్చాను. అంటే లోపలున్న, ఇరవై నాలుగు దాకా నిడివిగల చిన్న దారులూ రావచ్చని. ఐదు దవాఖానాలూ ఒక్కసారే లోపలికి వచ్చాయి.

పన్నెండూ నలభైకి, గొంతులో వీలైనంత వినయం పెట్టుకుని నర్సమ్మకు ఫోన్ చేశాను.

“వచ్చింది సార్, ఇప్పుడే పోయింది ఎక్స్‌రే. కానీ డాక్టర్ సార్ ఇందాకనే చూసిండు. మీరు కేబుల్ ఊడదియ్యమన్నప్పుడు నేను డాబా ఎక్కి, సిగ్నల్ దొరకవట్టి, తెర ఫోటో ఫోన్ల పంపిన. సన్న పగులేనట. పట్టీ కట్టినం, అవ్వ ఇంటికి పోయింది.”

“మంచిది,” అన్నాను.

“మరి ఇప్పుడు పోయిన ఎక్స్‌రే ఏం చెయ్యాలె సార్?”

నాకు తెలిసిన జవాబు ఒక్కటే ఉంది.

“ఉండనీయండమ్మా.”