దొరకని సూది మొన

మిషన్ సూది విరిగితే చేయాల్సిన పని ఒకటే. ఎక్కడి కుట్టు అక్కడ ఆపి ముక్కలు వెతకాలి. దొరికినవన్నీ పక్కపక్కన పేర్చి, సూది మొత్తం వచ్చిందో లేదో చూసుకోవాలి. నాకు పని నేర్పినావిడ కత్తెర చేతికివ్వక ముందే ఈ మాట చెప్పింది. ఏళ్ల తరబడి ఇంట్లో బ్యాగులు, పర్సులు కుడుతున్నాను. సూదులు చాలానే విరిగాయి. ఒక్కసారి మాత్రం మొన దొరకలేదు.

కార్ఖానా ఏరియాలోని ఒకరింటి నుంచి వచ్చిన ఆర్డర్ అది. ఒక పాప మొదటి పుట్టినరోజుకు వచ్చే పిల్లలకు ఇవ్వడానికి నలభై చిన్న జిప్పు పర్సులు. మర్నాటికి కావాలన్నారు. మధ్యాహ్నం గిన్నెలు సింకులోనే ఉన్నాయి, మా అమ్మాయి స్కూల్ ఆటో వచ్చే వేళయింది. ఆ తొందరలో జిప్పు చివరున్న ఇనుప క్లిప్పు మీదికి కుట్టు పోనిచ్చాను. టక్కుమంది. పై ముక్క మిషన్‌లోనే ఉంది. మొన లేదు.

పర్సు తిరగేసి దులిపాను. అప్పటిదాకా కుట్టినవన్నీ ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి చూశాను. ఏ పసిబిడ్డ చేతికి గుచ్చుకుంటుందోనని వణుకు పుట్టింది. నేల సంగతి మాత్రం పట్టించుకోలేదు. సీతాఫల్‌మండిలో మాది రెండు గదుల ఇల్లు. హాల్లోనే మిషను, హాల్లోనే కత్తిరింపు. నేల నిండా గీతలు గీసిన లైనింగ్ గుడ్డ పరిచి ఉంది. అది కదిలిస్తే పని మళ్లీ మొదటికొస్తుందని అలాగే వదిలేశాను. సాయంత్రం ఊడ్చాను గానీ అది పేరుకే. పర్సుల్లో లేదని తేలగానే నా భయం సగం పోయింది. బయటి పిల్లల కోసం అంత వణికినదాన్ని, ఇంట్లో ఎవరికీ చెప్పను కూడా లేదు.

మా అత్తగారికి షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గిందని, ఇంట్లోనూ చెప్పులతోనే తిరగమని డాక్టర్ చెప్పారు. మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చింది నేనే. విప్పించిందీ నేనే. సూది విరగక ముందే ఒకరోజు తెల్ల లైనింగ్ మీద చెప్పు అచ్చు పడేసరికి నా నోరు ఊరుకోలేదు.

"గా చెప్పులు జెర అవతల పెట్టు అత్తమ్మా. గుడ్డ ఖరాబైతే ఎవరు తీసుకుంటరు?"

ఆమె ఆనాటి నుంచి లోపలి గది గడప దగ్గరే చెప్పులు విప్పి, ఉత్త కాళ్లతో వచ్చి నా పక్కన కూర్చొని దారాలు కత్తిరించి పెట్టేది. నా మాట చెల్లినందుకు సంతోషపడ్డాను కూడా. దాచడమెందుకు?

ఆర్డర్ ఇచ్చేసిన వారానికి మా అమ్మాయి నేల మీద మరకలు చూసింది. అత్తగారి మడమ వాచి చీము కారుతోంది. ఆమెకు నొప్పే తెలియలేదు. మా ఆయనా నేనూ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టర్ కోసి తీసిన ముక్కను దూది మీద పెట్టి చూపించారు.

"ఏందిది?" అన్నాడు మా ఆయన.

నేను చూడగానే గుర్తుపట్టాను. చేతి సూదికి కన్ను మొద్దువైపు ఉంటుంది, మిషన్ సూదికి మొన దగ్గరే ఉంటుంది. దూది మీదున్న ముక్కకు మొన దగ్గరే కన్ను ఉంది. ఆ తేడా మా ఆయనకు తెలియదు. అత్తగారికి తెలుసు, ఒకప్పుడు వాడకట్టంతటికీ జాకెట్లు కుట్టిన మనిషి. కళ్లద్దాలు సర్దుకొని ఆ ముక్కను చాలాసేపు చూసింది. నా వైపు చూడలేదు.

"నా సూదేరా. మొన్న జాకెట్‌కు హుక్కు కుడుతుంటే ఇరిగింది. నేనే సూస్కోలే," అంది.

"జెర సూస్కోవాలె గదమ్మా. కాలు పోతే ఏం చేస్తవ్?" అని ఆమెను కసిరాడు.

ఆ కసురు నాకు పడాల్సింది. పక్కనే నిలబడి, మందుల చీటీ మడతపెడుతూ, ఆమెకు పడనిచ్చాను.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. రోజూ కట్టు నేనే మార్చాను. "కన్నబిడ్డ సుత గిట్ల చెయ్యది," అని మా ఆయన చుట్టాలతో చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒకసారి కట్టు కడుతూ, "అత్తమ్మా, గా సూది..." అన్నాను.

"గట్టిగ కట్టకు బిడ్డా," అంది. మళ్లీ ఆ మాట ఎత్తే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు కత్తిరింపుకు బల్ల కొన్నాను. పని అయ్యాక అయస్కాంతంతో నేలంతా వెతుకుతాను. మా ఆయనకు మాత్రం ఇంకా చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం అత్తగారు దారాలు కత్తిరించడానికి వస్తూ, గడప దగ్గర ఆగి, గోడ పట్టుకొని చెప్పులు విప్పింది.

"ఏస్కొనే రా అత్తమ్మా. కింద గుడ్డలేం లేవు," అన్నాను.

"అలవాటైంది బిడ్డా," అంటూ ఉత్త కాళ్లతో లోపలికి వచ్చింది.

ఆమె వచ్చి కూర్చునేదాకా మిషన్ ఆపి నేలనే చూస్తూ ఉన్నాను.